ఇంట్లో ఉండేవారు: ఇద్దరు

హీట్ పంపుల పని నేర్చుకుంటున్న మన పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. "అంకుల్, ఫలానా ఇంటికి ఎంత సైజు మెషిన్ పెట్టాలి? ఎంత ట్యాంకు పెట్టాలి?" అని అడుగుతారు. చెబుతాను, చెప్పడానికి నాకేం బద్ధకం లేదు. కానీ లెక్కలకంటే ముందు మీకు చెప్పాల్సింది ఒకటుంది. అది నేను చేసిన వెధవపని. రిటైరై కూర్చున్నా అది గుర్తొస్తే ఒళ్ళు మండుతుంది. నా మీద, మా ఓనరు మీద, ఆ పాడు ఫారం మీద, అందరి మీదా మండుతుంది. ఈ మంటలో కాస్త పెద్ద మాటలు వస్తే సర్దుకోండి.

హైదరాబాద్‌లో ఇరవై ఏళ్ళకు పైగా ఏసీలు, కోల్డ్ స్టోరేజీలు బాగుచేసి, నడివయసు దాటాక వెల్లింగ్టన్ వచ్చి పడ్డవాణ్ణి నేను. జాన్సన్‌విల్‌లో ఇల్లు. 2010లు సగం దాటేసరికి ఇక్కడ ఒక గాలి మొదలైంది. గోడకు వేలాడే గ్యాస్ బాయిలర్ పీకేసి, దాని బదులు ఇంటి బయట గాలిలోని వేడిని లాగి నీళ్ళు కాచే హీట్ పంపు, పైకప్పు మీద సోలార్ పలకలు పెట్టించుకోవడం. బాయిలర్ రెండు పనులు చేసేది. గదులు వెచ్చబడడానికి గోడలకుండే రేడియేటర్లకు వేడి పంపేది, బాత్రూముకు వేడినీళ్ళిచ్చేది. హీట్ పంపు కూడా అవే రెండు పనులూ చేస్తుంది, కానీ ఒకేసారి చెయ్యదు. ట్యాంకులో నీళ్ళు చల్లారితే ముందు నీళ్ళు కాస్తుంది, అంతసేపూ గదులు ఆగాలి. ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకోండి, మిగతా కథంతా దీనిమీదే నడుస్తుంది. పని మాత్రం మంచిదే. యంత్రాన్ని తిట్టడానికి నేనిది రాయడం లేదు.

మా కంపెనీ చిన్నది. కివీ, అంటే ఇక్కడి తెల్లవాడు, ఓనరు; ఆఫీసులో ఒకమ్మాయి, బయట తిరిగే మేం నలుగురైదుగురం. మనవాళ్ళ సంగతి ఓనరు తొందరగానే కనిపెట్టాడు. జాన్సన్‌విల్‌లో ఒక తెలుగు ఇంట్లో మెషిన్ పెడితే, ఆ వారాంతం తలొక వంటా తెచ్చుకునే పాట్‌లక్‌లో పప్పు గిన్నె తిరిగినట్టు ఆ కబురు తిరుగుతుంది. సోమవారానికి రెండు ఫోన్లు. రెండింట్లోనూ ఒకటే మాట: "వాళ్ళింట్లో ఏది పెట్టారో మాకూ అదే పెట్టండి." రంగు కూడా అదే కావాలి. మన సంగతి మనకు తెలియనిదా? పక్కింటివాళ్ళు కొన్న ఫ్రిజ్జే కొంటాం, పక్కింటి పిల్ల చదివిన చదువే చదివిస్తాం.

"మీవాళ్ళ ఇళ్ళకు నువ్వే వెళ్ళు మేట్, నీకు భాష వచ్చు" అన్నాడు ఓనరు. నేనూ పొంగిపోయాను. ఆ భాషతో నేనేం చేశానో అడగండి. "బాగున్నారా? ఎక్కడివాళ్ళు? ఇక్కడొక సంతకం పెట్టండి." అంతే, అంతకుమించి నా తెలుగు పనికిరాలేదు.

మొదట పెట్టిన ఇల్లు ఒక సాఫ్ట్‌వేర్ దంపతులది. పొద్దున ఎనిమిదికి ఇద్దరూ వెల్లింగ్టన్ రైలెక్కితే ఇల్లు చేరేది సాయంత్రం ఆరింటికి. ఆ ఇంటికి నేను టేపుతో గది గదీ కొలిచి, కిటికీలు లెక్కపెట్టి, రెండు పేజీల లెక్క రాశాను. అందులో ఒక గడి, 'ఇంట్లో ఉండేవారు'. ఇద్దరు అని రాశాను. దానికింద 'స్నానాలు'. రోజుకు రెండు షవర్లు, ఐదేసి నిమిషాలు. ఆ ఇంటికి ఆ లెక్క అతికినట్టు సరిపోయింది, ఇప్పటికీ ఆ మెషిన్ బంగారంలా పనిచేస్తోంది.

రెండో ఇల్లు అదే వీధిలో, అదే బిల్డరు కట్టినది. ప్లాను కూడా అదే, ఇటుక ఇటుకా అదే. భర్త ముప్పై దాటినవాడు, దేశం దక్షిణపు కొసన ఇన్వర్‌కార్గిల్‌లో చదువుకుని అక్కడి చలికి విసిగి ఇటు వచ్చినవాడు. భార్య అప్పుడు ఏడో నెల గర్భిణి. నడుం మీద చెయ్యి వేసుకుని మెల్లగా నడుస్తూ నాకు చాయ్ తెచ్చింది. వేడి వేడి సర్వపిండి పెట్టింది. "ఇంకొకటి తినండి అంకుల్" అంటే ఇంకొకటి తిన్నాను. కనపడలేదనడానికి నా కళ్ళకు అప్పటికి శుక్లాలు కూడా లేవు.

కొలుద్దామని టేపు తీశాను, తీయలేదని అనను. ఇంతలో ఓనరు ఫోన్. "అదే ఇల్లు కదా మేట్, మళ్ళీ కొలిచేదేముంది? పాత షీటు కాపీ చేసి అడ్రసు మార్చు. మధ్యాహ్నానికి ఇంకో ఇంటికి వెళ్ళాలి." నేను టేపు జేబులో పెట్టుకున్నాను. పాత షీటు తీసి అడ్రసు మార్చాను. 'ఇంట్లో ఉండేవారు' దగ్గర ఇద్దరు అని అప్పటికే ఉంది. ఇంట్లో ఉన్నది కూడా ఇద్దరే కదా! సంతకం పెట్టించాను, నేనూ పెట్టాను.

పని మొదలుపెట్టిన రోజు నాతో వచ్చిన ప్లంబర్ ఒక మావోరీ మనిషి, ఈ నేల మూలవాసి. ఐదుగురు పిల్లల తండ్రి, మాట తక్కువ. బాయిలర్ దింపి, గ్యాస్ పైపు మూసేసి, కొత్త ట్యాంకు నిలబెట్టాక ఆ అమ్మాయి వంక చూసి, నా దగ్గరకొచ్చి, "పాప వస్తోంది కదా, ఈ ట్యాంకు సరిపోతుందా?" అన్నాడు.

"మావాళ్ళు మీలాగా షవర్ కింద నిలబడి పాటలు పాడరు. బకెట్టూ మగ్గూ. మీరు వాడే నీళ్ళలో సగం చాలు మాకు" అన్నాను నేను. నవ్వుతూ, గర్వంగా అన్నాను.

"మీవాళ్ళ సంగతి నీకే తెలియాలి" అని అతను మళ్ళీ పనిలో పడ్డాడు.

నాకు తెలుసు. అదే కదా నా మంట! తెలియనివాడైతే క్షమించవచ్చు. మా ఆవిడకు రెండు కాన్పులైనప్పుడు మా అత్తగారు పెరట్లో కాగు పొయ్యి మీద పెట్టి, నూనె మర్దనా అయ్యాక బాలింత నడుం మీద చెంబు తర్వాత చెంబు పోయించడం నేను చూడలేదా? కట్టెలు నేను మోయలేదా? "ఇంకా పొయ్యండి, నొప్పులు ఇంకిపోవాలి" అని ఆవిడ కేకలు వేస్తుంటే కాగు ఖాళీ అయ్యేది, మళ్ళీ నింపేవాళ్ళం. తర్వాత పసివాడికి కాళ్ళ మీద పడుకోబెట్టి నలుగు, మళ్ళీ నీళ్ళు. ఆ తర్వాత నిప్పుల మీద సాంబ్రాణి. బకెట్ స్నానం పొదుపే, కానీ బాలింత స్నానం పొదుపు కాదు. ఇది కివీ ఇంజనీరుకు తెలియకపోతే తప్పులేదు. ఇద్దరు పిల్లల్ని కన్న ఇంట్లో తిరిగిన నేను ఆ రోజు ఇదంతా ఎక్కడ పారేసుకున్నానో!

ఇంకో పాపం కూడా చేశాం. ట్యాంకులో అవసరానికి ఒక కరెంటు హీటరు ఉంటుంది. ఎండ లేని రోజు, నీళ్ళు ఎక్కువ వాడిన రోజు అది ఆదుకుంటుంది. మా ఓనరు దానికి తాళం వేయించేవాడు. నాలుగంకెల కోడు, అది మాకే తెలుసు. ఎందుకంటే ఇంటివాళ్ళ ఫోన్లో మా యాప్ తెరిస్తే 'ఈరోజు మీ నీళ్ళు సూర్యుడే కాచాడు' అని పసుపు రంగులో కనిపించాలి. ఆ హీటరు వెలిగితే ఆ పసుపు పోతుంది. ఆ బొమ్మను జనం వాట్సాప్‌లో పంచుకుంటారు, అది మాకు ప్రచారం. అన్ని ఇళ్ళలోనూ ఆ తాళం వేసింది నా చేతులే. అదేమిటని ఒక్కసారి కూడా అడగలేదు.

పాప జూన్‌లో పుట్టింది, ఇక్కడ అది చలికాలం. నెల ముందే, బరువు తక్కువ. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు గది వెచ్చగా ఉంచమని గట్టిగా చెప్పి పంపారు. అమ్మాయి తల్లి కరీంనగర్ దగ్గరి ఊరినుంచి వచ్చింది. విమానం ఎక్కడం అదే మొదటిసారట. వచ్చిన మర్నాటి నుంచే ఆమె పని ఆమె మొదలుపెట్టింది. బాత్‌టబ్‌లో ప్లాస్టిక్ పీట వేసి కూతుర్ని కూర్చోబెట్టి, పది గంటలకల్లా తల్లికీ బిడ్డకూ స్నానం. దాంతో ట్యాంకు ఖాళీ. ఇక హీట్ పంపు రేడియేటర్లను ఆపేసి నీళ్ళు కాచే పనిలో పడేది, మధ్యాహ్నం దాటేదాకా అదే పని. పసిబిడ్డ ఉన్న గది అంతసేపూ చల్లబడుతూనే ఉండేది.

ఆమె అల్లుడు మా ఆఫీసుకు ఫోన్ చేశాడు. "సిస్టమ్ సెట్ అవ్వడానికి రెండు వారాలు పడుతుంది" అన్నారు. నాకు ఫోన్ చేశాడు. నేనూ అదే అన్నాను. తెలుగులో అన్నాను, అంతే తేడా. "కొత్త మెషిన్ కదా బాబూ, అలవాటు పడాలి." యంత్రం అలవాటు పడడమేమిటి నా మొహం! అదేమన్నా కొత్త కోడలా?

జులైలో మంచు మీదనుంచి వచ్చే దక్షిణం గాలి మొదలైంది. వెల్లింగ్టన్‌లో ఉన్నవాళ్ళకు ఆ గాలి గురించి చెప్పక్కర్లేదు. మూడు రోజులు ఎండ మొహం కనపడలేదు, సన్నటి వాన అడ్డంగా కొడుతూనే ఉంది. మూడోరోజు శనివారం. పొద్దున పదకొండు గంటలకు నేను ఇంట్లో పేపరు చూస్తుంటే ఆ అమ్మాయి ఫోన్ చేసింది.

"అంకుల్, డిస్టర్బ్ చేస్తున్ననా? రేడియేటర్లు మళ్ళా బంద్ అయినయ్. హాల్‌లో పదమూడు డిగ్రీలు చూపిస్తుంది."

"సోమవారం వస్తానమ్మా" అన్నాను.

"సరే అంకుల్. పాప గదిలైతే ఇప్పుడు వెచ్చగనే ఉంది లే. మా అమ్మ మూకుట్ల బొగ్గులు రాజేసి పెట్టింది. బార్బెక్యూ బొగ్గులు. గాలి రాకుండ తలుపు కింద టవల్ పెట్టినం." ఆ తర్వాత అంది. "నాకే తలకాయ పగిలిపోతుంది అంకుల్. పాప గూడ పాలు తాగుతలేదు, ఒకటే నిద్ర..."

పేపరు ఎక్కడ పడిందో తెలియదు. "బయటికి రా!" అని అరిచాను. "కిటికీలు తెరువు. పాపను ఎత్తుకుని బయటికి పరిగెత్తు. అమ్మను లాక్కురా. ఇప్పుడే!"

"బయట వాన అంకుల్..."

"వానలోకే రా తల్లీ! ఆ బొగ్గుల్లో కనబడని విషం ఉంది. రా!"

ఫోన్ కింద పడ్డ చప్పుడు, తలుపు తీసిన చప్పుడు, వెనకాల పెద్దావిడ "ఏమైంది, ఏమైంది" అనడం వినిపించాయి. నేను అంబులెన్సుకు చెప్పి కారు తీశాను. మా ఇంటికి వాళ్ళిల్లు ఐదు నిమిషాలు. నేను వెళ్ళేసరికి ముగ్గురూ కారు షెడ్డు చూరు కింద ఉన్నారు. పెద్దావిడ తన ఉన్ని శాలువా, చీర కొంగూ అన్నీ పాప మీద కప్పి తను జాకెట్టు మీద వణుకుతోంది. పాప ఏడుస్తోంది. పిల్లల ఏడుపు అంత చక్కగా ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది. అల్లుడు పనిమీద సిటీలో ఉన్నవాడు కబురందుకుని అంబులెన్సు వెనకాలే వచ్చాడు.

వాళ్ళను ఆసుపత్రికి పంపి నేను లోపలికెళ్ళాను. మూకుడు బయట వానలో పెట్టి, ట్యాంకు ముందు నిలబడి నాలుగంకెలు నొక్కాను. హీటరు వెలిగింది. ట్యాంకు పని అది అందుకోగానే పంపుకు తీరిక చిక్కి రేడియేటర్ల వైపు తిరిగింది. నాలుగంకెలు నొక్కడానికి ఎంతసేపు పడుతుంది? రెండు వారాల క్రితం ఫోన్లోనే ఆ అంకెలు చెప్పినా సరిపోయేది. అక్కడే నేల మీద కూర్చుని నన్ను నేను బూతులు తిట్టుకున్నాను. అవి ఇక్కడ రాయను.

తల్లికీ బిడ్డకూ ప్రమాదం తప్పింది. రెండు రోజులుంచి పంపేశారు. కానీ ఆసుపత్రి సోషల్ వర్కర్ ఊరుకోలేదు. పసిబిడ్డ ఉన్న ఇల్లు అంత చల్లగా ఎందుకుంది, కారణం రాసివ్వమని మా కంపెనీని అడిగింది. ఆ ఉత్తరంతో ఓనరు మంగళవారం ఆ ఇంటికి బయలుదేరాడు. మాట్లాడిపెట్టడానికి నన్ను కూడా తీసుకెళ్ళాడు.

కార్లో ఉత్తరం చూపించాడు. సిస్టమ్ లెక్క ప్రకారమే పనిచేస్తోంది, ఇద్దరు మనుషుల ఇంటికి తగినట్టే పెట్టాం, ఇంట్లో ఉన్న పెద్దావిడ పరిమితికి మించి వేడినీళ్ళు వాడింది, గదిలో నిప్పు పెట్టింది. కింద ఓనరు సంతకం ఉంది. దాని పక్కన నా పేరు, నా సంతకానికి ఖాళీ.

ఇంట్లోకి వెళ్ళాక తెలిసింది నిజంగా ఏం జరుగుతోందో. పెద్దావిడ వంటింట్లో ఒక మూల కుర్చీలో కూర్చుని ఉంది. పాప మా ముందే హాల్లో ఏడుస్తోంది. ఆమె లేవలేదు. అల్లుడు పాపను ఎత్తుకుని ఆమె వైపు వీపు పెట్టి నిలబడ్డాడు. కూతురు కళ్ళు వాచి ఉన్నాయి.

"అత్తమ్మకు వచ్చే ఆదివారానికి ఇండియా టికెట్ చేసిన అంకుల్" అన్నాడు అల్లుడు. "పాపను ముట్టొద్దని చెప్పిన. ఎవరైనా గదిల బొగ్గులు పెడతరా? ఇంకో గంటైతే ఏమయ్యేది?"

ఆవిడ వంటింట్లోంచే అంది. ఎవరితోనో తెలియదు. "నాకెట్ల తెలుస్తది? మా ఇండ్లల్ల పెంకుల సందుల పొగ పోతది. ఈ ఇల్లు డబ్బలెక్క ఉంటదని నాకెవ్వలు చెప్పిన్రు?"

ఓనరు నా భుజం తట్టి ఇంగ్లీషులో అన్నాడు. "ఆవిడకు చెప్పు. ఇకనుంచి రోజుకు ఒక్కొక్కరికి ఐదు నిమిషాలే నీళ్ళు. అంతకు మించితే మా బాధ్యత లేదు. నెమ్మదిగా చెప్పు."

నేను చెప్పలేదు. ఆ మాట తెలుగులోకి రాలేదు నాకు. బాలింతకు నీళ్ళు కొలిచి పొయ్యమని తల్లికి ఏ నోటితో చెప్పాలి? సంచిలోంచి రెండు షీట్లు తీశాను. ఒకటి మొదటి ఇంటిది, ఒకటి ఈ ఇంటిది. పక్కపక్కనే బల్ల మీద పెట్టాను. ఈ ఇంటి షీటు రెండో పేజీలో పైన మొదటి ఇంటి నంబరే ఉంది. ముందు పేజీలో అడ్రసు మార్చి రెండో పేజీలో మార్చడం మరిచిపోయాను. కాపీ కొట్టడం కూడా సరిగ్గా చేతకాలేదు.

"ఈ ఇల్లు నేను కొలవలేదు" అన్నాను, ముందు ఇంగ్లీషులో ఓనరుకు, తర్వాత తెలుగులో వాళ్ళకు. "ఇది ఈ వీధిలోనే ఇంకో ఇంటి లెక్క. ఇద్దరు అని రాసింది వాళ్ళ గురించి. ఆవిడ నీళ్ళు ఎక్కువ వాడలేదు, మేం ట్యాంకు తక్కువ పెట్టాం. ఆదుకునే హీటరుకు తాళం వేసింది నేను. చలికి తట్టుకోలేక ఆవిడ చేతనైంది ఆవిడ చేసింది. ఈ ఉత్తరం మీద నేను సంతకం పెట్టను. సోషల్ వర్కర్‌కు ఈ రెండు షీట్లూ నేనే ఇస్తాను."

ఓనరు మొహం ఎర్రబడింది. "బయట మాట్లాడదాం" అన్నాడు. "ఇక్కడే మాట్లాడదాం" అన్నాను. పదేళ్ళుగా ఆయన దగ్గర ఒక్కసారి కూడా గొంతు పెంచని నేను ఆ రోజు ఎంత గట్టిగా అరిచానంటే పాప ఏడుపు ఆపేసింది. తాళాల గురించి, పసుపు రంగు యాప్ గురించి, కాపీ షీట్ల గురించి అన్నీ అరిచాను. ఆయన ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ వారంలోనే ఆ ఇంటికి పెద్ద మెషిన్, నీళ్ళకు వేరే ట్యాంకు పెట్టాడు. మిగతా ఇళ్ళన్నిట్లో నేనూ ప్లంబరూ తిరిగి తాళాలు తీశాం. ఏడాది తిరక్కుండా నన్ను పనిలోంచి పంపేశాడనుకోండి. దాని గురించి నాకు కోపం లేదు, నా కోపాలన్నీ వేరేచోట ఖర్చయ్యాయి.

ఆ రోజు ఓనరు కారు వెళ్ళిపోయింది. నేను వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, "అమ్మా, తప్పు నాది" అన్నాను.

ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "నువ్వేనా మెషిన్ పెట్టినోనివి? మా పిల్ల చేతి చాయ్ తాగినవట."

"తాగానమ్మా."

"సర్వపిండి తిన్నవట."

"తిన్నాను."

"గప్పుడు మా పిల్ల కడుపు కనవడలేదా బిడ్డా? తెల్లోనికంటె తెల్వది. నువ్వు మనోనివి గద. ఎన్నో నెల తల్లీ, కాన్పుకు ఎవరొస్తరు, అని ఒక్క మాట అడగవైతివి."

  హాల్లోంచి అల్లుడు ఇదంతా విన్నాడు. తర్వాత మెల్లగా వంటింట్లోకి వచ్చి పాపను ఆవిడ ఒళ్ళో పెట్టాడు. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని, పాప అరికాళ్ళు రెండూ అరచేతుల్లో పట్టుకుని చూసింది. చల్లగా ఉన్నాయేమో, రుద్దుతూ నా వైపు తిరగకుండానే అడిగింది.

"నీళ్ళు కాగినయా?"

నేను బాత్రూములోకి వెళ్ళి కుళాయి విప్పి, చెయ్యి కింద పెట్టి, కాలేదాకా అక్కడే నిలబడ్డాను.

"కాగాయమ్మా" అన్నాను.